మా మామిడితోపు కొత్త జాతీయ రహదారిలో పోతోంది. భూసేకరణ ఎన్నాళ్లు పడుతుంది?

పడమటిగాలి (జూన్ 8, రాత్రి 9:50)

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో మహదేవపురలో ఉంటాను. సొంత ఊరు చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో. మా తాత పెట్టిన మామిడితోపు, ఎకరా ఎనభై సెంట్లు, కొత్తగా వేయబోయే జాతీయ రహదారిలో పోతుందని గత నెల పత్రికలో ప్రకటన వచ్చింది. సర్వే నంబరు చూసుకున్నాం, మాదే.

ఆరు నెలల్లో డబ్బు చేతికి వస్తుందని మా బావ అంటున్నాడు. పదేళ్లయినా రాదని పక్క ఊరి పెద్దాయన అంటున్నాడు. మా నాన్నకు తేలవలసింది ఒకటే: వచ్చే ఏడాది కాపును గుత్తకు ఇవ్వవచ్చా, వద్దా? గుత్తదారు బయానా పట్టుకుని వసారాలో కూర్చున్నాడు. ఈ వ్యవహారానికి ఎంత కాలం పడుతుంది, అది దేనివల్ల సాగుతుంది? అనుభవం ఉన్నవారు చెప్పండి.

వకీలమ్మ (జూన్ 8, రాత్రి 10:35)

చట్టం ఏం చెబుతుందో నేను రాస్తాను. ఊళ్లో ఏం జరుగుతుందో పెద్దలు చెబుతారు.

జాతీయ రహదారులకు భూమి తీసుకునేది 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద. ఇప్పుడు వాడుతున్న 3ఏ నుంచి 3జే వరకు సెక్షన్లు అందులో 1997లో చేరాయి. మీరు పత్రికలో చూసింది 3ఏ, అంటే భూమి తీసుకునే ఉద్దేశం ఉందన్న ప్రకటన. కార్యాలయాల్లో దీన్ని ‘పెద్ద ఏ’ అంటారు. దీనికి ముందే ‘చిన్న ఏ’ వస్తుంది. అది భూసేకరణ అధికారి ఎవరో చెప్పే ప్రకటన. పెద్ద ఏ గెజిట్‌లో వెలువడిన నాటి నుంచి 21 రోజుల్లో అభ్యంతరం రాసి ఇవ్వాలి. మీది గత నెల ప్రకటన కనుక ముందు ఆ తేదీ చూసుకోండి.

తరువాతది 3డీ, అంటే ఈ భూమి తీసుకుంటున్నామని ఖరారు చేసే ప్రకటన. పెద్ద ఏ వచ్చిన ఏడాదిలోగా 3డీ రాకపోతే పెద్ద ఏ చెల్లదు, మళ్లీ మొదటి నుంచి మొదలు. కోర్టు స్టే ఉన్న కాలాన్ని ఆ ఏడాదిలో లెక్కించరు. 3డీ గెజిట్‌లో పడిన క్షణం నుంచి భూమి కేంద్ర ప్రభుత్వానిది. ఇది చాలామందికి తెలియదు. పైసా చేతికి రాకముందే యాజమాన్యం మారిపోతుంది. ఆ తరువాత 3జీ కింద పరిహారం నిర్ణయిస్తారు. ఆ సొమ్ము జమ చేసిన తరువాత 3ఈ కింద స్వాధీనం చేయమని 60 రోజుల గడువుతో నోటీసు ఇస్తారు.

మొదటి మెట్టుకు గడువుంది, చివరి మెట్టుకు గడువుంది. మధ్యలో ఉన్న 3జీకి, అంటే ధర కట్టడానికి, ఈ చట్టంలో గడువు లేదు. మీ బావగారి ఆరు నెలలూ, ఆ పెద్దాయన పదేళ్లూ ఆ సందులోనే ఉన్నాయి.

గొలుసుకొలత (జూన్ 9, ఉదయం 5:20)

చిత్తూరు జిల్లాలో 31 ఏళ్లు సర్వేయరుగా చేసి, ఇప్పుడు కొడుకు దగ్గర మారతహళ్లిలో కాలక్షేపం చేస్తున్నవాడిని. అమ్మగారు చట్టం చక్కగా చెప్పారు. నేను నేల సంగతి చెబుతాను.

పైనుంచి వచ్చే పటంలో రోడ్డుకు ఒక మధ్యగీత ఉంటుంది. దానికి ఇటూ అటూ వెడల్పు కొలిచి, ఏ సర్వే నంబరులో ఎంత పోతుందో తేల్చాలి. మేం తేల్చేది దేని మీద? ఎఫ్‌ఎంబీ మీద, అంటే తెల్లదొరల కాలంలో గొలుసు పట్టి గీసిన కొలతల పుస్తకం మీద. ఆ రోజుల్లో నంబరు 112 ఒకే చెక్క. ఈ రోజు అదే 112లో పద్నాలుగు మంది ఉంటారు. అన్నదమ్ములు గట్టు వేసుకున్నారు, అమ్ముకున్నారు, మార్చుకున్నారు. సబ్‌డివిజన్ చేయించుకున్నవారు ముగ్గురు. మిగతావారిది నోటి పంపకం.

పైగా 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వచ్చాయి. రహదారివారి జాబితాలో పాత నంబరు, పాసు పుస్తకంలో కొత్త నంబరు. రెండింటినీ కలిపి పట్టిక రాయడానికి ఒక్కో ఊరికి ఎన్ని రోజులు పడుతుందో నన్ను అడగకండి, బీపీ పెరుగుతుంది.

ఒక్క నంబరు జాబితాలో జారిపోయిందనుకోండి, ఆ చెక్క కోసం మళ్లీ పెద్ద ఏ, మళ్లీ 21 రోజులు, మళ్లీ 3డీ. ఇరవై సెంట్ల ముక్క కోసం పక్కనున్న రెండు కిలోమీటర్ల రోడ్డు ఎదురుచూడటం నేను కళ్లారా చూశాను. అందుకే పడమటిగాలి గారూ, ముందు ఒక్క మాట చెప్పండి. తోపు ఎవరి పేరున ఉంది?

లెక్కలమాస్టారు (జూన్ 9, ఉదయం 8:05)

నంబర్ల గొడవ సరే, నిజం కూడా మాట్లాడుకుందాం. 2013 భూసేకరణ చట్టం వచ్చాక పరిహారం ఎంతో పెరిగింది. అయినా ప్రతివాడూ ఇంకా కావాలని కోర్టుకు ఎక్కుతాడు. రోడ్డు వస్తుందని తెలియగానే ఖాళీ పొలంలో రేకుల షెడ్డు లేస్తుంది, రాత్రికి రాత్రి మొక్కలు పుడతాయి. ఆలస్యానికి అసలు కారణం ఆశ. దేశం మొత్తం ఆ ఆశకు వడ్డీ కడుతోంది.

హోసకోట మనవరాలు (జూన్ 9, ఉదయం 11:40)

మాస్టారూ, మా అమ్మమ్మగారిది హోసకోట దగ్గరి పల్లె. బెంగళూరు తూర్పు అంచున ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే రైతు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయని ఐటీ ఉద్యోగాలకు వచ్చినవారు చాలామంది ఎరుగరు. ఆ పల్లె పక్కనుంచి ఒక చిన్న బైపాసు వేస్తామన్నారు. ఏ రోడ్డో, ఏ సంస్థో ఇక్కడ రాయను. నోటిఫికేషన్ వచ్చినప్పుడు నేను నాలుగో తరగతి. ఇప్పుడు నా కూతురు నాలుగో తరగతి.

ఇన్నేళ్లలో మా మామయ్య ఆ పొలం అమ్మలేకపోయాడు, కొనేవాడు పహణీ చూసి వెనక్కి వెళ్లేవాడు. బ్యాంకు అప్పు ఇవ్వలేదు. బావి పూడిక తీయించాలన్నా, రేపో మాపో పోయే భూమికి ఖర్చెందుకని అత్తమ్మ ఆపేది. పక్క సర్వే నంబరులో అపార్టుమెంట్లు లేచాయి. మా చెక్కలో వయ్యారిభామ లేచింది. రోడ్డు మాత్రం రాలేదు. మీరు చెప్పిన ఆశ ఇందులో ఎక్కడుందో చూపించండి. రేకుల షెడ్లు వేసేవారు లేరని నేను అనను. వారు సాధారణంగా ఊరివారు కారు. గీత ఎటు పోతుందో మాకంటే ముందు తెలిసినవారు.

వకీలమ్మ (జూన్ 9, మధ్యాహ్నం 1:15)

మాస్టారు ధర మాట ఎత్తారు కనుక లెక్క చూద్దాం. 2013 భూసేకరణ చట్టంలోని పరిహారపు లెక్క జాతీయ రహదారులకు 2015 జనవరి నుంచి వర్తిస్తోంది. మార్కెట్ విలువ, గ్రామాల్లో దానికి 1 నుంచి 2 వరకు గుణకం, ఆ మొత్తానికి సమానంగా నూరు శాతం సొలేషియం, అంటే బలవంతంగా తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము. పైగా పెద్ద ఏ తేదీ నుంచి అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) వరకు మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం.

వినడానికి బాగానే ఉంది. కాని ఆ మార్కెట్ విలువ ఎక్కడ నుంచి వస్తుంది? రిజిస్ట్రేషన్ శాఖ విలువ ఒకటి. వెనుకటి మూడేళ్లలో ఆ చుట్టుపక్కల జరిగిన క్రయ దస్తావేజుల్లో ఎక్కువ ధర పలికిన సగం తీసుకుని, వాటి సగటు మరొకటి. రెండింటిలో ఏది ఎక్కువైతే అది. మన ఊళ్లలో ఎకరా నలభై లక్షలకు కొని, స్టాంపు ఖర్చు మిగలాలని ఎనిమిది లక్షలకు దస్తావేజు రాయించుకోవడం ఆచారం. ఆ ఎనిమిదే అధికారి బల్ల మీదికి వస్తుంది. చేసుకున్నవారికి చేసుకున్నంత. ఆ పొలం కొన్నవాడు తప్పు చేస్తే, ఎన్నడూ అమ్మని పక్క పొలం వాడు కూడా నష్టపోతాడు. రైతు కోర్టుకు ఎక్కడానికి ఆశ కంటే ఈ తేడాయే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఇంకొకటి. ఏ చట్టం కింద తీసుకుంటున్నారన్నది కాలాన్ని మార్చేస్తుంది. బెంగళూరు పెరిఫెరల్ రింగ్ రోడ్డు అందరికీ తెలిసినదే. ప్రాథమిక ప్రకటన 2005, తుది ప్రకటన 2007. అది 1976 నాటి బెంగళూరు అభివృద్ధి సంస్థ (బీడీఏ) చట్టం కింద సాగింది. మధ్యలో 2013 చట్టం వచ్చింది. పరిహారం కొత్త లెక్కన ఇవ్వాలని రైతులు, పాత లెక్కే వర్తిస్తుందని ఆ సంస్థ. బీడీఏ సేకరణలకు 2013 చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2022 జనవరిలో చెప్పేసరికి పదిహేనేళ్లు గడిచాయి. తీర్పుతో చట్టం తేలింది కాని, పాత లెక్కన భూమి ఇవ్వడానికి రైతు మనసు ఒప్పుకోదు కదా.

కూవం ఒడ్డు (జూన్ 9, రాత్రి 9:10)

చెన్నై నుంచి నమస్కారం. మా వైపు కథలు కూడా వినండి.

చెన్నై–సేలం ఎనిమిది వరుసల రోడ్డు 277 కిలోమీటర్లు. 2018లో ప్రకటనలు వచ్చాయి. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు వాటిని కొట్టివేసింది. పెద్ద ఏ ఇవ్వడానికి ముందే పర్యావరణ అనుమతి ఉండనక్కరలేదని, అది తరువాత తీసుకోవచ్చని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే చట్టపరంగా దారి తెరుచుకుంది. రోడ్డు పడలేదు. పచ్చని పొలాల్లో రాళ్లు నాటుతుంటే ఆడవాళ్లు పీకి పారేసిన దృశ్యాలు టీవీలో చూసిన ఏ ప్రభుత్వమైనా రెండుసార్లు ఆలోచిస్తుంది. కోర్టులో గెలిచినా ఊళ్లో ఓడిన రోడ్డుకు గడువు ఎవరు చెప్పగలరు?

రాష్ట్ర రహదారుల సంగతి వేరు. తమిళనాడు సొంత రహదారుల చట్టం కింద సేకరణలు చేసేది. 2019 జులైలో హైకోర్టు అది చెల్లదంది, అదే ఏడు శాసనసభ వెనకటి తేదీతో కొత్త చట్టం చేసింది, 2021లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఈ రెండేళ్లలో ఒక్కో దస్త్రం ఎన్ని బల్లల మీద నిద్రపోయిందో ఊహించుకోండి.

తారురోడ్డు (జూన్ 10, రాత్రి 12:25)

నేను రోడ్డు వేసే పక్షం. గుత్తేదారు కంపెనీల్లో పద్దెనిమిదేళ్లుగా సైటు ఇంజినీరును. పేరు చూసి రాళ్లు వేయకండి.

పని మొదలయ్యే తేదీకి ఎంత భూమి చేతిలో ఉండాలన్నది ఒప్పందంలో రాస్తారు. ప్రభుత్వమే మొత్తం డబ్బు పెట్టే పనుల్లో 90 శాతం, మేం కొంత పెట్టుబడి పెట్టే పద్ధతిలో 80 శాతం. కాగితం మీద 80 వచ్చిందని సంబరపడి యంత్రాలు దింపుతాం. మిగిలిన 20 ఎక్కడుంటుంది? వంతెన పునాది పడవలసిన చోట, గుడి దగ్గర, శ్మశానం దగ్గర, నాలుగంతస్తుల ఇంటి దగ్గర. తేలికైన పొలాలన్నీ ముందే వచ్చేస్తాయి, ముళ్లన్నీ చివరికి మిగులుతాయి. నాలుగు కిలోమీటర్లు వేసి, అర కిలోమీటరు వదిలి, మళ్లీ మూడు వేస్తాం. మీరు కారులో పోతూ ఇక్కడెందుకు ఆపారని తిట్టుకునేది ఆ అర కిలోమీటరునే.

అయితే అన్నిటికీ భూమినే నిందించకండి. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వేకు 2022 మే నెలలో ప్రధాని చెన్నైలో శంకుస్థాపన చేశారు. సుమారు 260 కిలోమీటర్లు, మూడు రాష్ట్రాలు. హోసకోట నుంచి బేతమంగళ దాకా కర్ణాటక ముక్క, 70 కిలోమీటర్ల పైచిలుకు, 2024 డిసెంబరుకల్లా బండ్లకు తెరిచారు. ఆంధ్ర, తమిళనాడు ముక్కలు అప్పటికి ఇంకా పనిలోనే ఉన్నాయి. ఇలాంటి పనుల్లో అడవి, కొండ, మట్టి తవ్వకానికి అనుమతి, హైటెన్షన్ తీగల తరలింపు, రైలు పట్టాలు దాటే చోట రైల్వే అనుమతి, ఇవన్నీ కలిసే రోడ్డును వెనక్కి లాగుతాయి. భూమి తేలిన చోట కూడా కరెంటు స్తంభం కదలక ఆరు నెలలు కూర్చున్నాను.

త్వరపడింది ఒక్కటుంది. 2018 ఏప్రిల్ నుంచి ప్రకటనలన్నీ భూమిరాశి పోర్టల్‌లో నడుస్తున్నాయి. అంతకుముందు పెద్ద ఏ ముసాయిదా మూటగట్టి ఢిల్లీకి పంపితే, ఊరి పేరులో ఒక అక్షరం తప్పుందని తిరిగి వచ్చేది. ఆ రాకపోకలు తగ్గాయి. ఊరి పేర్లలో తప్పులు మాత్రం ఆన్‌లైన్‌లోకి కూడా భద్రంగా చేరాయి.

పడమటిగాలి (జూన్ 10, ఉదయం 7:30)

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. గొలుసుకొలత గారూ, తోపు ఇంకా మా తాత పేరునే ఉంది. ఆయన పోయి ఇరవై రెండేళ్లు. వీలునామా లేదు. మా నాన్న, ఇద్దరు చిన్నాన్నలు. తోపు మా నాన్న చేతిలో, చెరువు కింది మడి చిన్నాన్నల చేతిలో ఉంది. నోటి పంపకమే.

గొలుసుకొలత (జూన్ 10, ఉదయం 7:42)

మేనత్తలు లేరా?

పడమటిగాలి (జూన్ 10, ఉదయం 7:50)

ఒక మేనత్త ఉంది. హుబ్బళ్లిలో ఉంటుంది. ఆమెకు పెళ్లిలో ఇవ్వవలసింది ఇచ్చేశామని అంటారు.

వకీలమ్మ (జూన్ 10, ఉదయం 9:30)

అనేది ఎవరు? ఆమె కాదు కదా!

పెళ్లిలో ఇచ్చింది వేరు, వారసత్వం వేరు. వీలునామా లేకుండా పోయిన తండ్రి ఆస్తిలో కూతురూ వారసురాలే. భూసేకరణ అధికారి ముందుకు మీరు ముగ్గురి పేర్లతో వెళ్లి, రేపు ఆమె తరఫున ఒక్క కాగితం పడితే చాలు, పరిహారం పంపకం వివాదంగా మారుతుంది. అప్పుడు 3హెచ్ కింద ఆ సొమ్మును సివిల్ కోర్టుకు పంపుతారు. రోడ్డు ఆగదు. మీ తోపు పోతుంది, తారు పడుతుంది, బండ్లు తిరుగుతాయి. డబ్బు మాత్రం కోర్టు ఖాతాలో ఉంటుంది.

ఇక్కడ అందరం ఒకే కాలం గురించి మాట్లాడుతున్నట్టు కనిపిస్తోంది కాని, ఉన్నవి రెండు. రోడ్డుకు పట్టే కాలాన్ని గెజిట్లు, అడవులు, కోర్టులు, కరెంటు స్తంభాలు నిర్ణయిస్తాయి. మీ ఇంటికి డబ్బు చేరే కాలం చాలావరకు మీ ఇంట్లోనే నిర్ణయమవుతుంది. మా వద్దకు వచ్చే కేసుల్లో రహదారిని ఎదిరించినవాటి కంటే అన్నదమ్ములను ఎదిరించినవే ఎక్కువ.

లెక్కలమాస్టారు (జూన్ 10, ఉదయం 10:05)

హోసకోట అమ్మాయీ, నిన్న నా మాట దురుసుగా ఉంది, ఒప్పుకుంటున్నాను. అయినా ఒక సందేహం. ధర నచ్చకపోతే డబ్బు తీసుకుని, భూమి ఇచ్చేసి, తరువాత పోరాడవచ్చు కదా? పని ఎందుకు ఆపాలి?

కూవం ఒడ్డు (జూన్ 10, మధ్యాహ్నం 2:20)

పోరాడవచ్చు మాస్టారూ. మొదటి ధర నచ్చకపోతే కేంద్రం నియమించిన ఆర్బిట్రేటరు (మధ్యవర్తి) దగ్గరికి వెళ్లాలి. ఆ కుర్చీలో సాధారణంగా కలెక్టరో, ఆ పై రెవెన్యూ అధికారో ఉంటారు. అక్కడా నచ్చకపోతే జిల్లా కోర్టు. తమిళనాడు రైతులకు చదరపు మీటరుకు వంద రూపాయలలోపు కట్టిన చోట జిల్లా కోర్టు 645 చేసింది. ఆర్బిట్రేటరు తీర్పును కోర్టు కొట్టివేయగలదే గాని ధర పెంచే అధికారం దానికి లేదని 2021 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రైతుల డబ్బును మాత్రం వెనక్కి తీసుకోనివ్వలేదు. పరిమితంగా సవరించవచ్చని 2025 ఏప్రిల్‌లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దారి తెరిచింది. భూమి ఇచ్చేసిన తరువాత ఇంత దూరం నడవాలని తెలిసినవాడు, భూమి చేతిలో ఉన్నప్పుడే బిగుసుకుంటాడు. ఆ తరువాత తన మాట వినేవాడు ఉండడని వాడికి తెలుసు.

హోసకోట మనవరాలు (జూన్ 10, మధ్యాహ్నం 3:00)

మాస్టారూ, పరవాలేదు. డబ్బు కాక దారి కోసం కూడా పని ఆపుతారు. ఎక్స్‌ప్రెస్‌వేకు రెండు పక్కలా కంచె వేస్తే, ఇల్లు ఒక పక్క, పొలం ఒక పక్క. ఎడ్లు పోవడానికి కింద సొరంగం లాంటి దారి ఎక్కడ ఇస్తారో ముందే గీసి చూపించిన ఊళ్లలో గొడవ తక్కువ. కంచె వచ్చాక చూద్దామన్న చోట ట్రాక్టర్లు అడ్డం పెడతారు.

గొలుసుకొలత (జూన్ 11, ఉదయం 5:05)

తోపు గురించి కొంచెం చెబుతాను. ధర కట్టేటప్పుడు భూమి ఒక్కటే కాదు, దాని మీద ఉన్నదంతా లెక్కించాలి. మామిడి చెట్లకు ఉద్యాన శాఖ, టేకు, వేప లాంటి కలపకు అటవీ శాఖ, షెడ్డుకు రోడ్లు భవనాల శాఖ, బోరుకు గ్రామీణ నీటి సరఫరా శాఖ. నాలుగు శాఖలవారు ఒకే రోజు మీ తోపులోకి వస్తే ఫోటో తీసి నాకు పంపండి, పటం కట్టించి పెట్టుకుంటాను. ఒకరి నివేదిక రాకపోయినా అవార్డు ఆగుతుంది. ఈలోగా అధికారికి బదిలీ అవుతుంది, కొత్తాయన మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుతాడు. ఎన్నికలు వచ్చాయంటే అదే సిబ్బంది ఓటర్ల జాబితాల మీద కూర్చుంటారు.

మీది తోతాపురి అనుకుంటాను. దానికి బెంగళూరా అనీ, కలెక్టరు కాయ అనీ పేర్లున్నాయి. చెట్టూ కలెక్టరే, వివాదం వస్తే ధర చెప్పేదీ కలెక్టరే. ఎన్ని చెట్లు, ఎంత వయసు, ఎంత చుట్టుకొలత, మీరే ఒక పుస్తకంలో రాసి, తేదీతో ఫోటోలు తీసి ఉంచండి. అధికారులూ రైతులూ కలిసి కొలిచే ఉమ్మడి కొలత రోజున మీ నాన్నగారు పొలంలో ఉండాలి. ఆ రోజు బెంగళూరులో మీటింగు ఉందని మీరు పంపించిన మనిషి చూపిన గట్టే చివరిదాకా మీ గట్టవుతుంది.

గుత్త మాటకు వస్తాను. ఒక్క ఏడాదికి ఇవ్వండి. మూడేళ్ల ఒప్పందం వద్దు. స్వాధీనం నోటీసు వస్తే మిగిలిన కాలానికి బయానా తిరిగి ఇచ్చేటట్టు కాగితం మీద రాసుకోండి. నా అంచనాలో వచ్చే కాపు మీదే.

పడమటిగాలి (నవంబరు 23, రాత్రి 8:15)

ఈ చర్చను మళ్లీ పైకి తెస్తున్నందుకు మన్నించండి. జూన్‌లోనే ఊరికి వెళ్లాను. గుత్త ఒక ఏడాదికే ఇచ్చాం. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెచ్చుకున్నాం, అందులో మేనత్త పేరు రాయించాం. చిన్నాన్న మూడు రోజులు మాట్లాడలేదు. మేనత్త హుబ్బళ్లి నుంచి వచ్చి, తోపులో రెండు చెట్లు తానే నాటానని చూపించి, సంతకం పెట్టడానికి ముందు అందరి చేత భోజనాలు చేయించింది. తన వాటా తనకు రాసి ఇమ్మంది. రాసి ఇచ్చాం. నాన్న కూడా సరేనన్నారు.

ఉమ్మడి కొలత అయింది. చెట్లు 61. ఉద్యాన శాఖవారు 58 అన్నారు, నా ఫోటోలు చూపిస్తే మళ్లీ లెక్కపెట్టి 61 రాసుకున్నారు.

ఈ వారం 3డీ వచ్చింది. మా సర్వే నంబరు ఉంది కాని, విస్తీర్ణం ఎకరా ఎనభైకి బదులు ఎకరా పన్నెండు అని ఉంది. మిగిలిన అరవై ఎనిమిది సెంట్లు జారిపోయినట్టా, అసలు రోడ్డులో పోవడం లేదా? పోకపోతే ఆ ముక్క త్రికోణంగా మిగులుతుంది, బోరు ఏ పక్కకు వస్తుందో అర్థం కావడం లేదు. ఎఫ్‌ఎంబీ నకలు తెచ్చుకున్నాను గాని చదవడం రాదు.

గొలుసుకొలత (నవంబరు 24, ఉదయం 4:55)

అరవై ఎనిమిది సెంట్లు అంటే చిన్న సంగతి కాదు. ఫోనులో ఫోటో చూసి చెప్పే విషయం కూడా కాదు. నకలూ, 3డీ పేజీ, రీసర్వే పటం ఉంటే అదీ తీసుకుని ఆదివారం ఉదయం ఏడింటికి మారతహళ్లి వంతెన కింద టీ కొట్టు దగ్గరికి రండి. స్కేలు నేను తెస్తాను. వచ్చేముందు నాన్నగారికి ఫోను చేసి, బోరుకూ తూర్పు గట్టుకూ మధ్య ఎన్ని అడుగులో కొలిచి ఉంచమనండి.